బ్యాకప్ ఒక ఎత్తు, రీస్టోర్ మరో ఎత్తు: మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌తో నా అనుభవం

ఎరువులు, పురుగుమందుల షాపుల కోసం నేనొక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాశాను. పెద్దదేం కాదు. పైథాన్‌లో రాసింది, డేటా అంతా ఎస్‌క్యూలైట్‌లో (ఒకే ఫైల్లో ఉండే చిన్న డేటాబేస్) ఉంటుంది, షాపుకి ఒక కంప్యూటర్ చొప్పున నడుస్తుంది. పల్నాడు వైపు కొన్ని షాపుల వాళ్లు వాడుతున్నారు. మొదట్లో దీంట్లో బ్యాకప్ అనే మెనూనే లేదు, ఎవరి పద్ధతిలో వాళ్లు సాయంత్రం ఆ ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకునేవాళ్లు. షాపులు పెరిగాక, అందులోనూ ఖాతాల మీద బాకీలు పెరిగాక, ఇది సాఫ్ట్‌వేరే చూసుకోవాలని మొదలుపెట్టాను. బ్యాకప్ బటన్ అంటే ఎంతసేపు, ఒక సాయంత్రం పని అనుకునేవాళ్ల కోసమే ఇది రాస్తున్నా. బ్యాకప్ నిజంగానే తొందరగా అయిపోయింది. రీస్టోర్, అంటే ఆ బ్యాకప్‌ని మళ్లీ వెనక్కి తెచ్చుకోవడం, మాత్రం దాని కంటే చాలా ఎక్కువ కాలం తీసుకుంది, ఇప్పటికీ దాంట్లో చిన్న చిన్న పనులు తేలుతూనే ఉంటాయి.

ముందు ఈ షాపుల్లో డేటా అంటే ఏంటో చెప్పాలి. జూన్‌లో విత్తనాలతో మొదలవుతుంది, తర్వాత డీఏపీ, యూరియా, ఆ తర్వాత మందులు. చాలావరకు ఖాతా మీదే నడుస్తుంది. మిర్చి రైతు అయితే కోతలయ్యి, సరుకు గుంటూరు యార్డుకెళ్లి, డబ్బు చేతికొచ్చాక ఏ ఫిబ్రవరిలోనో మార్చిలోనో కడతాడు. అంటే దాదాపు ఎనిమిది తొమ్మిది నెలల బాకీలు ఆ ఒక్క ఫైల్లో ఉంటాయి. స్టాక్ లెక్క పోతే గోడౌన్‌లోకెళ్లి బస్తాలు లెక్కపెట్టుకోవచ్చు. ఖాతా లెక్క పోతే ఎవరి బాకీ ఎంతో ఆ రైతునే అడగాలి. అడిగితే చాలామంది నిజమే చెప్తారు, అది వేరే సంగతి, కానీ అడగాల్సి రావడమే షాపు పరువుకి దెబ్బ.

ఇంకోటి కూడా ఉంది, దీని గురించి మొదట ఎవరూ ఆలోచించరు. డేటా పోవడం ఒక్కటే ప్రమాదం కాదు, పాత డేటా తిరిగి రావడం కూడా అంతే ప్రమాదం. పది రోజుల కిందటి బ్యాకప్ తెచ్చి ఇవాళ్టి డేటా మీద పెట్టారనుకోండి, ఈ పది రోజుల్లో డబ్బు కట్టిన రైతులందరూ మళ్లీ బాకీదారులైపోతారు. స్క్రీన్ మీద ఎక్కడా ఎర్ర గీత ఉండదు, ఏ ఎర్రరూ రాదు, అన్నీ చక్కగా కనిపిస్తాయి. నెల తర్వాత రసీదు పట్టుకుని రైతు వచ్చి గొడవ పెట్టుకుంటే గానీ బయటపడదు. డిజైన్ మొదలుపెట్టినప్పుడు నా మనసులో ఉన్నది ఇదే: బ్యాకప్ బటన్ ఎన్నిసార్లు నొక్కినా నష్టం లేదు, రీస్టోర్ బటన్ ఒక్కసారి పొరపాటున నొక్కినా షాపు మునిగిపోతుంది.

సరే, బ్యాకప్ సంగతి. ఫోల్డర్ కాపీ ఎందుకు చాలదంటే, ఎస్‌క్యూలైట్‌ని వాల్ మోడ్‌లో నడుపుతుంటే కొత్తగా రాసింది వెంటనే అసలు డేటాబేస్ ఫైల్లోకి వెళ్లదు. పక్కనే వాల్ ఫైలు అని ఇంకోటి ఉంటుంది, ముందు అందులో పడుతుంది. మామూలు సెట్టింగుల్లో అది సుమారు వెయ్యి పేజీలకి చేరాక, అంటే ఒక నాలుగు ఎంబీ అయ్యాక, అప్పుడు అసలు ఫైల్లో కలుస్తుంది. చిన్న షాపులో నాలుగు ఎంబీ అంటే చాలా బిల్లులు. సాఫ్ట్‌వేర్ తెరిచి ఉండగానే అసలు ఫైలు ఒక్కటే కాపీ చేసుకుంటే, ఆ కాపీ తెరుచుకుంటుంది, పాత బిల్లులన్నీ కనిపిస్తాయి, ఈమధ్యవి ఉండవు. సరిగ్గా ఆ కలిపే సమయంలోనే కాపీ జరిగితే సగం పాతా సగం కొత్తా కలిసి ఫైలే పాడైపోవచ్చు. సాఫ్ట్‌వేర్ మామూలుగా మూసేస్తే రెండూ కలిసిపోతాయి కాబట్టి సాయంత్రం మూసేశాక కాపీ చేసేవాళ్లకి ఇబ్బంది రాలేదు. కానీ మూసేశామనుకుని కిందకి తగ్గించి వదిలేసేవాళ్లే ఎక్కువ.

దీనికి ఎస్‌క్యూలైట్‌లోనే సరైన దారులున్నాయి. ఒకటి బ్యాకప్ ఏపీఐ, అంటే మన కోడ్‌లోంచి ఎస్‌క్యూలైట్‌నే కాపీ తీయమని అడిగే దారి, పైథాన్ 3.7 నుంచి కనెక్షన్ మీదే బ్యాకప్ అని పిలవొచ్చు. రెండోది వాక్యూమ్ ఇన్‌టూ అనే కమాండ్, 2019లో 3.27 వెర్షన్‌తో వచ్చింది, డేటాని సర్ది, ఖాళీలు తీసేసి కొత్త ఫైల్లో రాస్తుంది. రెండోదాంట్లో ఫైలు చిన్నదవుతుంది కాబట్టి దానివైపు మొగ్గాను గానీ, ఒక చిక్కుంది. ఇంటీజర్ ప్రైమరీ కీ (ప్రతి వరుసకీ ఉండే గుర్తింపు అంకె) విడిగా చెప్పని టేబుల్స్‌లో వరుసల లోపలి నంబర్లు వాక్యూమ్ వల్ల మారిపోవచ్చు. నా పాత టేబుల్స్‌లో ఒకట్రెండు అలాంటివే ఉన్నాయి, ఇంకోచోట ఆ నంబర్లని గుర్తుగా వాడే కోడ్ కూడా ఉంది. అందుకని బ్యాకప్ ఏపీఐనే తీసుకున్నా. దాంట్లో కొంచెం కొంచెంగా కాపీ చేసే వీలుంది, కానీ మధ్యలో వేరే కనెక్షన్ ఏదైనా రాస్తే కాపీ మళ్లీ మొదటికొస్తుంది. మా ఫైళ్లు చిన్నవే కాబట్టి ఒక్క దఫాలో చేసేస్తున్నా, బిల్లు కొట్టే మనిషికి తెలియను కూడా తెలియదు.

డేటాబేస్ ఒక్కటే కాదు కదా, షాపు లోగో, సంతకం బొమ్మ, లైసెన్సుల స్కాన్ కాపీలు, ప్రింటర్ సెట్టింగులు, ఇవన్నీ విడిగా ఫైళ్లుగా ఉంటాయి. అన్నిటినీ ఒక జిప్‌లో పెట్టి, లోపల చిన్న వివరాల ఫైలు ఒకటి ఉంచాను: ఏ షాపు, సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్, డేటాబేస్ నమూనా ఏ వెర్షన్, చివరి బిల్లు నంబరు, మొత్తం రావాల్సిన బాకీ, ఒక్కో ఫైలుకి షా-256 సంఖ్య (ఫైల్లో ఒక్క అక్షరం మారినా మారిపోయే వేలిముద్ర లాంటిది). జిప్ వాడటంలో నాకు నచ్చిన సంగతి ఒకటుంది, దాని విషయసూచిక ఫైలు చివర్లో ఉంటుంది. రాస్తుండగా పెన్‌డ్రైవ్ లాగేస్తే ఆ జిప్ అసలు తెరుచుకోదు. సగం తెరుచుకునే బ్యాకప్ కంటే అసలు తెరుచుకోనిది వెయ్యి రెట్లు నయం. అయినా సరే, ముందు వేరే పేరుతో రాసి, డిస్కు మీదకి పూర్తిగా దింపి, మళ్లీ చదివి సరిచూసి, అప్పుడే అసలు పేరు పెడుతున్నా. కాబట్టి అసలు పేరుతో కనిపించిందంటే అది పూర్తయిన బ్యాకప్పే.

ఎప్పుడు తీయాలి అనేది ఇంకో పేచీ. సాఫ్ట్‌వేర్ మూసేటప్పుడు తీద్దాం అనుకుంటాం సహజంగా. మా షాపుల్లో సాఫ్ట్‌వేర్‌ని ఎవరూ మూయరు. రాత్రి మెయిన్ స్విచ్ కట్టేసి షట్టర్ దించుతారు, లేకపోతే కరెంటు పోతుంది, యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. అందుకని మధ్యాహ్నం భోజనాల టైములో ఒకటి, ఆ తర్వాత ఇన్ని బిల్లులు అయినప్పుడల్లా ఒకటి చొప్పున దానంతట అదే తీసుకునేలా పెట్టాను. మనిషి గుర్తుపెట్టుకుని చేయాల్సిన బ్యాకప్‌ని నేను నమ్మను. సీజన్‌లో కౌంటర్ ముందు నలభై మంది నిలబడి ఉంటే ఎవడికి గుర్తుంటుంది.

పాత బ్యాకప్‌లు ఎన్ని ఉంచాలి అన్నదానికి లోకంలో ఉన్న పద్ధతినే వాడాను, ఈ వారానివి రోజుకొకటి, ఈ నెలవి వారానికొకటి, అంతకు ముందువి నెలకొకటి, మిగతావి తీసేయడం. మార్చి 31 రాత్రిది మాత్రం ఎప్పటికీ తీయకూడదని పెట్టాను, జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కలు ఆ సంవత్సరం వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి కాబట్టి. ఇక్కడ ఊహించని తిప్పలు వచ్చింది తేదీలతో. షాపుల్లో కంప్యూటర్లు పాతవి, మదర్‌బోర్డు మీద చిన్న సెల్లు అయిపోయి ఉంటుంది, కరెంటు పోయి వస్తే తేదీ ఏ పదిహేనేళ్లో వెనక్కి పోతుంది. ఇవాళ తీసిన బ్యాకప్ పేరు మీద పాత తేదీ పడితే, పాతవి తీసేసే కోడ్ దాన్నే ముందు తీసేస్తుంది! టెస్ట్ చేస్తున్నప్పుడు కావాలని తేదీ వెనక్కి తిప్పి చూస్తే సరిగ్గా అదే జరిగింది. అందుకని తేదీని నమ్మడం మానేసి ప్రతి బ్యాకప్‌కి వరుస సంఖ్య ఇచ్చాను. ఆ సంఖ్యని డేటాబేస్‌లో పెడితే రీస్టోర్ చేసినప్పుడు అదీ వెనక్కి పోతుంది కాబట్టి, బ్యాకప్ ఫోల్డర్‌లో ఉన్న అన్నిటికంటే పెద్ద సంఖ్య చూసి దానికి ఒకటి కలుపుకుంటుంది. తేదీ కూడా చివరి బిల్లు తేదీ కంటే వెనక ఉంటే సాఫ్ట్‌వేర్ బిల్లు కొట్టనివ్వకుండా ముందు తేదీ సరిచేయమంటుంది, అది వేరే లాభం.

పెన్‌డ్రైవ్‌ల గురించి చెప్పాలంటే ఒక పురాణం. కంప్యూటర్లో ఇవాళ ఈ డ్రైవ్ అక్షరంతో కనిపించింది రేపు ఇంకో అక్షరంతో కనిపిస్తుంది, అందుకని పెన్‌డ్రైవ్‌లోనే చిన్న గుర్తు ఫైలు పెట్టి దాన్నిబట్టి పోల్చుకోవాల్సి వచ్చింది. సంతలో కొన్న 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో నిజంగా ఉండేది అందులో ఏ పావు వంతో కావచ్చు, రాస్తుంటే రాసుకుంటూనే ఉంటుంది, చదివితే చెత్త వస్తుంది. రాసిన వెంటనే చదివితే విండోస్ తన జ్ఞాపకంలోంచే చూపించేసే అవకాశం ఉంది, కాబట్టి తర్వాతిసారి పెన్‌డ్రైవ్ పెట్టగానే పోయినసారి రాసిన బ్యాకప్‌ని ముందు సరిచూసి, ఆ తర్వాతే కొత్తది రాస్తుంది. పెన్‌డ్రైవ్‌ని ఎప్పుడూ కంప్యూటర్‌కే గుచ్చి ఉంచేవాళ్లకి కూడా ఒక హెచ్చరిక వస్తుంది. 2017 మేలో ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే వాన్నక్రై వైరస్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లే కొన్ని దెబ్బతిన్నాయి, అలాంటిది ఒకటి దూరితే గుచ్చి ఉన్న పెన్‌డ్రైవ్ కూడా దాంతోపాటే పోతుంది.

పెన్‌డ్రైవ్‌తో పాటు ఇంటర్నెట్ ఉన్న షాపులకి క్లౌడ్‌లోకి కూడా పంపే సదుపాయం పెట్టాను. రైతుల పేర్లు, ఊళ్లు, ఫోన్ నంబర్లు, ఎవరు ఎంత బాకీ, ఇవి ఊరు దాటి పోతున్నాయంటే తాళం వేయకుండా పంపకూడదు. షాపు యజమాని పెట్టుకున్న పాస్‌వర్డ్ నుంచి తాళం తయారుచేసి ఏఈఎస్-256 అనే గుప్తీకరణ పద్ధతితో మూసి పంపుతుంది. ఇక పాస్‌వర్డ్ మర్చిపోతే? మర్చిపోతారు, అందులో సందేహమే లేదు. అందుకని పాస్‌వర్డ్ పెట్టిన రోజే ఒక కాగితం ప్రింట్ అవుతుంది, దాని మీద పొడుగాటి అక్షరాల వరుస ఉంటుంది, దాంతో కూడా తెరవొచ్చు. బీరువాలో బంగారం దగ్గర పెట్టుకోమని చెప్తాను. ఒకాయన అయితే "బాబూ, ఆ కాగితమేదో నీ దగ్గరే ఉంచుకోరాదూ, మా ఇంట్లో ఎక్కడ పెడితే అక్కడే పోద్ది" అన్నారు. "వద్దు బాబాయ్, మీ ఖాతాల తాళం నా దగ్గరుంటే రేపు ఏ మాటొచ్చినా నా మీదకే వస్తుంది, పిన్ని చేతికివ్వండి, ఆమె జాగ్రత్తగా దాస్తుంది" అన్నా. ఇప్పుడది ఆమె దగ్గరే ఉంది.

ఇదంతా బ్యాకప్. ఇప్పుడు అసలు కథ.

రీస్టోర్ బటన్ పెట్టే ముందు, అసలు ఎవరికి ఎందుకు కావాలో కనుక్కుందామని షాపుల వాళ్లకి ఫోన్లు చేశాను. "పాత డేటా వెనక్కి తెచ్చుకోవాలని ఎప్పుడనిపిస్తుంది?" అంటే వచ్చిన జవాబులు నా డిజైన్‌నే మార్చేశాయి. పోయిన ఏడు ఫలానా రైతు ఏ మందు తీసుకున్నాడో చూడాలి, గుమస్తా ఒక బిల్లు మార్చాడు అది ముందు ఎలా ఉందో చూడాలి, ఆడిటర్ మార్చి నాటికి స్టాక్ ఎంత అని అడిగాడు. అంటే వీళ్లెవరికీ రీస్టోర్ అక్కర్లేదు, చూస్తే చాలు. నేను గనక రీస్టోర్ అని ఒకే బటన్ పెట్టి ఉంటే, ఒక పాత బిల్లు చూడటం కోసం వర్తమానం మొత్తాన్ని చెరిపేసుకునేవాళ్లు.

అందుకని ముందు రాసింది "బ్యాకప్ తెరిచి చూడు" అనే బటన్. జిప్‌ని వేరే తాత్కాలిక ఫోల్డర్‌లో విప్పి, డేటాబేస్‌ని చదవడానికి మాత్రమే తెరుస్తుంది, పైన అడ్డంగా పసుపు పట్టీ మీద "ఇది పాత లెక్క, ఫలానా తేదీది, ఇందులో బిల్లు కొట్టలేరు" అని ఉంటుంది. కొత్త బిల్లు బటన్ అసలు కనపడదు. నన్నడిగితే మొత్తం పనిలో అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది ఇదే, ఎవరూ అడగలేదు కూడా. ఇది వచ్చాక రీస్టోర్ నొక్కాల్సిన అవసరం దాదాపు కంప్యూటర్ పాడైనప్పుడో, మార్చినప్పుడో తప్ప రావట్లేదు.

ఇక నిజమైన రీస్టోర్. దాంట్లో ముందుగా తనిఖీలు. జిప్ తెరుచుకుందా, ప్రతి ఫైలు షా-256 సరిపోయిందా, ఇది ఈ షాపుదేనా (ఇద్దరు అన్నదమ్ముల షాపులు పక్కపక్కనే ఉన్న చోట ఈ తనిఖీ నిజంగా పనికొచ్చింది), ఫైలు లోపల పాడైందేమో చూసే ఎస్‌క్యూలైట్ ఇంటిగ్రిటీ చెక్ దాటిందా. ఈ ఇంటిగ్రిటీ చెక్ ఫారిన్ కీల (ఒక టేబుల్‌ని ఇంకో టేబుల్‌తో కలిపే లింకుల) తప్పులని పట్టదు, దానికి వేరే ఫారిన్ కీ చెక్ ఉంది, రెండూ నడపాలి. ఆ తర్వాత వెర్షన్. పాత బ్యాకప్‌ని కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి తెస్తుంటే మధ్యలో జరిగిన టేబుల్ మార్పులన్నీ వరసగా దాని మీద నడపాలి, డేటాబేస్ ఫైల్లోనే ఉండే యూజర్ వెర్షన్ అనే సెట్టింగులో నంబరు చూసుకుని ఎక్కడ్నుంచి మొదలుపెట్టాలో తెలుసుకుంటుంది. కొత్త బ్యాకప్‌ని పాత సాఫ్ట్‌వేర్‌లోకి తెస్తుంటే మాత్రం ఒప్పుకోదు, ముందు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయండి అంటుంది. ఈ పనులన్నీ పక్క ఫోల్డర్‌లోనే జరుగుతాయి, అప్పటిదాకా అసలు డేటాని ముట్టుకోదు.

తర్వాత వచ్చే స్క్రీన్ మీద చాలా ఆలోచించాను. ఎడమవైపు "ఇప్పుడు కంప్యూటర్లో ఉన్నది", కుడివైపు "బ్యాకప్‌లో ఉన్నది". ఒక్కోదానికింద చివరి బిల్లు నంబరు, దాని తేదీ, రైతు పేరు, మొత్తం రావాల్సిన బాకీ, ఈ రోజు వసూళ్లు. ఆ కింద పెద్ద అక్షరాలతో "ఇది చేస్తే ఇన్ని బిల్లులు, ఇన్ని వసూళ్లు లెక్కలోంచి పోతాయి" అని అసలు అంకెలతో. ఎంబీలు, ఫైలు పేర్లు చూపిస్తే షాపాయనకి ఏం అర్థం కాదు, చివరి బిల్లు ఎవరిదో చూపిస్తే వెంటనే చెప్పేస్తారు, "ఇది నిన్న పొద్దున్నది కదా" అని. కింద అవును, కాదు బటన్లు లేవు, గుమస్తాలు ఏం వచ్చినా చదవకుండా అవునే నొక్కుతారు. పోతున్న బిల్లుల సంఖ్యని చేత్తో టైపు చేయాలి. టైపు చేయాలంటే చదవాలి కదా.

అసలు మార్పిడి ఇలా జరుగుతుంది: ఇప్పుడున్న డేటాకి ముందు ఒక బ్యాకప్ తీస్తుంది, దానికి "రీస్టోర్‌కి ముందు" అని పేరు, పాతవి తీసేసే కోడ్ దాన్ని ముట్టుకోదు. ఆ తర్వాత నడుస్తున్న సాఫ్ట్‌వేర్‌లోనే ఫైలు మార్చే ప్రయత్నం చేయను, ఎందుకంటే విండోస్‌లో ఏదో ఒక కనెక్షనో, యాంటీవైరసో ఆ ఫైలుని పట్టుకుని ఉంటుంది, పేరు మార్చనివ్వదు. "రీస్టోర్ చేయాలి" అని చిన్న చీటీ ఫైలు రాసి సాఫ్ట్‌వేర్ మూసుకుంటుంది, మళ్లీ తెరుచుకునేటప్పుడు డేటాబేస్‌ని తెరవకముందే ఆ చీటీ చూసి ఫైళ్లు మారుస్తుంది. కొత్త ఫైలు అదే డ్రైవ్ మీద ఉండాలి, అప్పుడే పేరు మార్చడం ఒక్క దెబ్బలో జరుగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, పాత వాల్ ఫైలు పక్కన మిగిలిపోకూడదు. అది ఉండిపోతే ఎస్‌క్యూలైట్ పాపం అది ఈ కొత్త ఫైలుదే అనుకుని అందులోని పేజీలన్నీ దీనికి కలిపేస్తుంది, అంతటితో రెండు లెక్కలూ కలగాపులగం. కాబట్టి ముందు పాత ఫైలు, దాని వాల్ ఫైలు రెండిటినీ కలిపి పక్కన పెట్టి, అప్పుడు కొత్తది తెచ్చి కూర్చోబెడుతుంది. ఈ మెట్లలో ఎక్కడ కరెంటు పోయినా మళ్లీ తెరిచినప్పుడు ఎక్కడ ఆగిందో తెలుసుకుని ముందుకో వెనక్కో వెళ్లగలగాలి. దీనికోసం ఒక టెస్ట్ ప్రోగ్రాం రాశాను, రీస్టోర్ నడుస్తుండగా ఏదో ఒక చోట ఆ ప్రాసెస్‌ని చంపేసి, మళ్లీ తెరిచి, మొత్తం బాకీ పాతదైనా అవ్వాలి, కొత్తదైనా అవ్వాలి, మధ్యలోది కాకూడదు అని చూస్తుంది. రాత్రంతా దాన్ని నడవనిచ్చి పొద్దున చూసుకునేవాడిని.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో (ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే వెబ్‌సైటు) ఏం జరిగిందో చదివినవాళ్లకి ఈ చాదస్తం అర్థమవుతుంది. అక్కడి ఇంజనీరు ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్లో డేటాబేస్ ఫోల్డర్ తీసేశాడు, సుమారు 300 జీబీ పోయింది. వాళ్లకి ఒకటి కాదు, అయిదు రకాల బ్యాకప్ ఏర్పాట్లున్నాయి. చూస్తే బ్యాకప్ తీసే పీజీడంప్ ప్రోగ్రాం 9.2 వెర్షన్ నడుస్తోంది, డేటాబేస్ ఏమో 9.6, అందుకని రోజువారీ బ్యాకప్ ఎప్పట్నుంచో విఫలమవుతోంది, విఫలమైందని చెప్పే మెయిళ్లు కూడా చేరట్లేదు. అదృష్టం కొద్దీ ఆరు గంటల ముందు ఎవరో వేరే పని కోసం తీసిన కాపీ ఉంది కాబట్టి బతికారు. వాళ్లు దాచకుండా మొత్తం బయటపెట్టారు, అది మెచ్చుకోవాలి. నేను దాన్నుంచి తీసుకున్నది ఒక్కటే, బ్యాకప్ జరగలేదని చెప్పే కబురు మీద ఆధారపడకూడదు. మా సాఫ్ట్‌వేర్‌లో మొదటి పేజీ మీదే "చివరిసారి సరిచూసిన బ్యాకప్: ఇన్ని గంటల కిందట" అని ఉంటుంది, ఎక్కువసేపైతే రంగు మారుతుంది. వారానికోసారి ఒక బ్యాకప్‌ని తనంతట తనే పక్కన విప్పి, మొత్తం బాకీ, స్టాక్ విలువ లెక్కేసి, వివరాల ఫైల్లో రాసుకున్న అంకెలతో పోల్చుకుంటుంది.

ఇంతా చేశాక ఆఖర్న మిగిలింది టెక్నికల్ సమస్య కాదు, బిల్లు నంబర్లు. నిన్న సాయంత్రం బ్యాకప్ తెచ్చామనుకోండి, అందులో చివరి బిల్లు 1840. ఇవాళ పొద్దున్నుంచి 1841 మొదలు ముప్పై బిల్లులు రైతుల చేతుల్లోకి వెళ్లిపోయాయి. రీస్టోర్ అయ్యాక మొదటి బిల్లు మళ్లీ 1841 అనే వస్తుంది. జీఎస్టీ రూల్ 46 ప్రకారం ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక నంబరు రెండు బిల్లులకి ఉండకూడదు. మధ్యలో నంబర్లు వదిలేసి దూకుదామా అంటే అమ్మకాల రిటర్న్ అయిన జీఎస్టీఆర్-1లో ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా ఇచ్చారో, ఎన్ని రద్దు చేశారో రాయాలి. నాకు తెలిసిన ఆడిటర్ గారినడిగితే ఆయన తేలిగ్గా తేల్చేశారు, "ఒకటి కంటే ఎక్కువ సిరీస్‌లు వాడుకోవచ్చని రూల్లోనే ఉంది కదండీ, పోయిన బిల్లుల్ని వాటి పాత నంబర్లతోనే ఎక్కించుకోండి, కొత్తవి కొత్త సిరీస్‌లో కొట్టండి" అని. అలాగే పెట్టాను. రీస్టోర్ అవ్వగానే కొత్త సిరీస్ మొదలవుతుంది, "మీ దగ్గరున్న బిల్లు కాపీల్లో చివరి నంబరు ఎంత?" అని అడుగుతుంది, మధ్యలోవన్నీ "ఎక్కించాల్సినవి" అనే జాబితాలో కనిపిస్తూనే ఉంటాయి, అన్నీ ఎక్కించేదాకా పోదు.

ఇది నిజంగా అక్కరకొచ్చింది ఒక జులైలో, వానలు పడి యూరియా కోసం జనం నిలబడ్డ రోజు. ఫోన్ వచ్చింది, "బాబూ, కంప్యూటర్ నల్లగా అయిపోయింది, ఎంత నొక్కినా లేవట్లేదు, బయట మనుషులు ఉన్నారు." నాకు టెన్షన్ వచ్చింది గానీ ఆయనకి చూపించలేదు. "ముందు చేతి బిల్లు పుస్తకం తీయండి బాబాయ్, అమ్మకం ఆపకండి, కంప్యూటర్ సంగతి సాయంత్రం చూద్దాం." డిస్కు పోయింది. సాయంత్రం వాళ్లబ్బాయి ల్యాప్‌టాప్ తెస్తే ఫోన్లో చెప్తూ సాఫ్ట్‌వేర్ ఎక్కించి, పెన్‌డ్రైవ్ పెట్టించాను. తెర మీద చివరి బిల్లు చూసి ఆయనే అన్నారు, "ఇది మధ్యాహ్నం అన్నం తినే ముందు కొట్టిందే." ఆ తర్వాతవి కాపీలు చూసి ఎక్కించుకున్నారు. యూరియా బస్తాల లెక్క సరిపోయిందో లేదో చూసుకోవడానికి ఇంకో సాక్షి ఉండనే ఉంది, సబ్సిడీ ఎరువులు ఆధార్‌తో ప్రభుత్వం పీఓఎస్ మెషీన్ మీదే అమ్మాలి కాబట్టి ఆ మెషీన్‌లో స్టాక్ విడిగా ఉంటుంది. రెండు అంకెల మధ్య తేడా వచ్చింది, వెతికితే చేతి పుస్తకంలో ఒక కాగితం అంటుకుపోయి ఉంది. మందుల విషయంలో అలాంటి సాక్షి లేదు, వాటిని అరల్లో లెక్కపెట్టుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు తరచుగా అడిగేది ఒకటుంది, నేను చేయనన్నది. "మొత్తం వద్దు, ఈ ఒక్క రైతు ఖాతా మాత్రం పోయిన నెల ఉన్నట్టు తెచ్చిపెట్టు." వినడానికి చిన్న కోరికే. కానీ ఆ ఖాతాలో ప్రతి లైనూ ఒక బిల్లుకి, ఆ బిల్లు స్టాక్‌కి, వసూలు క్యాష్ పుస్తకానికి కట్టేసి ఉంటాయి, ఒక్కదాన్ని వెనక్కి లాగితే మిగతావి తప్పు చూపిస్తాయి. "పాత లెక్క పసుపు పట్టీలో తెరిచి చూడండి, తేడా ఎంతో తెలిశాక ఇవాళ్టి తేదీతో సర్దుబాటు ఎంట్రీ వేయండి, ఎందుకు వేశారో పక్కన రాయండి" అని చెప్తున్నా. కొందరికి నచ్చలేదు. నచ్చకపోయినా పెట్టను.

రెండు కౌంటర్లున్న షాపు ఒకటి, రెండు కంప్యూటర్లలోనూ ఇదే నడవాలని అడుగుతోంది. వాల్ మోడ్ నెట్‌వర్క్ ఫోల్డర్ మీద పనిచేయదు కాబట్టి వాళ్లకి పోస్ట్‌గ్రెస్‌కి (సర్వర్‌లా నడిచే పెద్ద డేటాబేస్) మారాలి, అక్కడ లాగ్ (జరిగిన మార్పుల చిట్టా) దాచుకుంటూ పోతే ఫలానా నిమిషానికి వెనక్కి వెళ్లే సదుపాయం కూడా ఉంటుంది. బ్యాకప్ కోడ్ దాదాపు మొత్తం మళ్లీ రాయాలి. ఎడమ కుడి అంకెల స్క్రీన్, పసుపు పట్టీ, బిల్లు నంబర్ల జాబితా మాత్రం ఉన్నవి ఉన్నట్టు తీసుకెళ్తున్నా.